లైలా పాట, గోదారి పాట, మా తమ్ముడు

సోలాపూరులో సంక్రాంతి అంటే సిద్ధేశ్వరుని జాతర. నందిధ్వజాలు భుజాల మీద ఊరేగుతుంటే ఊరు ఊరంతా చెరువు మధ్యనున్న గుడి వైపే నడుస్తుంది. 2025 సంక్రాంతికి కూడా అలాగే జరిగింది. అయితే ఊరి బయట అక్కల్‌కోట రోడ్డు వైపున్న మా కుంభారిలో ఆ వారమంతా ఇంకొకటి కూడా జరిగింది. ఏ వాకిట్లో నిలబడ్డా ఒకటే పాట! చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ల పక్కన సెల్‌ఫోనులో అదే. పాలు పోసే కుర్రవాడి నోట అదే. హళదీకుంకూ పేరంటానికి వచ్చిన పడుచులు నువ్వుల లడ్డు చేతిలో పట్టుకుని కూనిరాగం తీసింది కూడా అదే. ‘సంక్రాంతికి వస్తున్నాం’ సినిమాలోని ‘గోదారి గట్టు’ పాట.

నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేరి, ముప్ఫై ఏళ్లు పైబడి అంకెలతో కాపురం చేస్తున్నవాణ్ణి. సంగీతం గురించి వ్రాసే అర్హత నాకు లేదు. కాని ఆ పాటలోని మగ గొంతు మా ఇంట్లో ఎప్పుడో మూసేసిన ఒక ఖాతాను మళ్లీ తెరిపించింది. ఆ జమాఖర్చు మన పత్రిక పాఠకులతో చెప్పుకోవాలనిపించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఒక్క పాట బలం

మనకు పాట అంటే సినిమా పాటే. హీరో ఎవరు, సినిమా ఆడిందా లేదా అన్నదాన్ని బట్టి పాట బతుకుతుంది. పాశ్చాత్య దేశాల్లో ఇంకో ఆనవాయితీ ఉంది. నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డు, ముందువైపు ఒక పాట, వెనకవైపు ఒక పాట. దాన్నే వాళ్లు సింగిల్ అన్నారు. కథ లేదు, హీరో లేడు. పాట తన కాళ్ల మీద తాను నిలబడాలి, లేకపోతే పడిపోవాలి. రాక్ బృందాల్లో పేరు తెచ్చుకున్న గాయకులు కూడా అప్పుడప్పుడు బృందాన్ని పక్కనపెట్టి, తమ ఒక్కరి పేరుతో ఇలాంటి పాట విడుదల చేసి బలం చూసుకునేవారు. క్వీన్ బృందం గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ 1987లో ‘ది గ్రేట్ ప్రిటెండర్’ అనే పాత పాటను అలాగే సొంతంగా పాడి మెప్పించాడు. ఈయన అసలు పేరు ఫరూఖ్ బుల్సారా. పార్సీ కుటుంబం. మన మహారాష్ట్రలోని పంచగని బోర్డింగు స్కూల్లో చదువుకున్నవాడే!

మన దేశంలో ఈ గాలి గట్టిగా వీచింది 1990ల మధ్యలో. కేబుల్ టీవీ వచ్చింది, దానితో పాటు రోజంతా పాటలే చూపించే చానళ్లు వచ్చాయి. 1995లో అలీషా చినాయ్ ‘మేడ్ ఇన్ ఇండియా’, దలేర్ మెహందీ ‘బోలో తారారా’, 1996లో లక్కీ అలీ ‘ఓ సనమ్’. వీటిలో ఒక్కటీ సినిమా పాట కాదు. అయినా బొంబాయిలో ఎంత మోగాయో సోలాపూరు చాయ్ కొట్టుల్లోనూ అంతే మోగాయి.

ఆ వరుసలోనే వచ్చింది ‘ఏ లైలా’. మిస్టీ రిథమ్స్ అనే పేరుతో, గిటారు, డ్రమ్ములతో రాక్ పద్ధతిలో సాగే హిందీ పాట. పాడింది రమణ గోగుల. మన విశాఖపట్నం ఆయన. ఇంజనీరింగు చదివి, అమెరికాలో పైచదువు చదివి, కంప్యూటర్ల ఉద్యోగంలో ఉంటూ పాటలు కట్టుకున్న మనిషి. ఈ సంగతులన్నీ ఇవాళ మనకు తెలుసు. ఆ రోజుల్లో మా పేటలో ఆయన తెలుగువాడని తెలిసింది ఒక్కడికే. వాడు మా తమ్ముడు.

బ్యాంజో పార్టీ

అప్పట్లో మేం సోలాపూరు తూర్పుభాగంలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. మా తాత కరీంనగర్ జిల్లా నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చాడు. నాయిన టవల్ కార్ఖానాలో మరమగ్గం నడిపేవాడు. అవ్వ బీడీలు చుట్టేది. వేయి బీడీలు లెక్కకు వస్తేనే ఆ రోజు కూలి. నేను 1992లో బ్యాంకులో చేరాను. మా వంశంలో నెల జీతం మొహం చూసిన మొదటివాణ్ణి నేనే.

నాకంటే ఆరేళ్లు చిన్నవాడు తమ్ముడు. పగలు నాయినతో కార్ఖానాకు పోయేవాడు, రాత్రిళ్లు బ్యాంజో పార్టీలో వాయించేవాడు. మహారాష్ట్రలో ఉన్నవారికి బ్యాంజో పార్టీ గురించి చెప్పనక్కరలేదు. తీగల మీద మీటలు బిగించిన వాయిద్యానికి కరెంటు తగిలించి, పక్కన కాసియో, డ్రమ్ములు పెట్టుకుని పెళ్లి ఊరేగింపుల్లో, గణపతి నిమజ్జనంలో, శ్రావణ పౌర్ణమికి మన మార్కండేయ స్వామి రథోత్సవంలో దుమ్ము రేపుతారు. వాడికి సంగీతం ఎవరూ నేర్పలేదు. మరమగ్గంలో నాడె నిమిషానికి నూరుసార్లకు పైగా అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఆ దరువు వింటూ పెరిగిన పిల్లవాడికి తాళం ఇంకొకరు నేర్పాలా!

1997లో ఒక రాత్రి నేను భోంచేస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

“అన్నా, బొంబాయి నుంచి గిటారు తెప్పిస్తరట. మూడున్నర వేలు. నువ్వు ఇప్పిస్తే నెలకు మూడు వందలు కడ్తా.”

“గిటారు ఎందుకురా?”

“లైలా పాట విన్నవా? గట్ల వాయించాలె. ఆ పాడినాయన మన తెలుగాయనే అన్నా.”

నేను నవ్వాను. ఆ పాట నేనూ విన్నాను. ఆ గొంతు, ఆ పలుకు, ఆ గిటారు మోత, అది తెలుగువాడిదంటే ఎవరు నమ్ముతారు? నమ్మకపోగా, కొత్తగా ఉద్యోగం వచ్చినవాడి అహంకారంతో లెక్క చెప్పాను. “పెళ్లిళ్లు ఏడాదికి నాలుగు నెలలు. మిగతా ఎనిమిది నెలలు గిటారు కొరుక్కు తింటవా? పాట కూడు పెడ్తదారా? పాడినోడు ఎవడో పెద్దింటోడు. మన అవ్వ బీడీలు చుడ్తది, అది యాది పెట్టుకో.”

వాడు మారు మాట్లాడలేదు. మళ్లీ ఎన్నడూ అడగలేదు కూడా. ఆ దసరాకు బ్యాంకులో పండుగ అడ్వాన్సు తీసుకుని నేను కలర్ టీవీ కొన్నాను. అదే టీవీలో ‘ఏ లైలా’ వస్తే తమ్ముడు గడపలో నిలబడి చూసేవాడు, లోపలికి వచ్చి కూర్చునేవాడు కాదు. అది కూడా నాకు చాలా ఏళ్ల తర్వాతే గుర్తుకు వచ్చింది.

టేబుల్ మీద కాసెట్టు

1998లో వెంకటేష్ సినిమా ‘ప్రేమంటే ఇదేరా’ వచ్చింది. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి నా టేబుల్ మీద దాని కాసెట్టు ఉంది. అట్ట మీద సంగీతం రమణ గోగుల అని ఉంది. తెలుగు అక్షరాల్లోనే! తమ్ముడు ఇంట్లో లేడు. కాసెట్టు పెట్టి వెళ్లిపోయాడు, అంతే.

ఆ తర్వాత కథ సినిమా ప్రియులందరికీ తెలిసిందే. 1999లో పవన్ కల్యాణ్ ‘తమ్ముడు’, 2000లో పూరి జగన్నాథ్ మొదటి సినిమా ‘బద్రి’. ఆ పాటల్లో కొన్ని ఆయనే పాడాడు. బాలసుబ్రహ్మణ్యంగారి గొంతులో తేట తెలుగుకు అలవాటు పడ్డ చెవులకు మొదట ఇదేమిటి అనిపించింది. గొంతులో కొంచెం జీర, మాట చివర ఇంగ్లీషు విరుపు, అచ్చంగా స్నేహితుడు బండి మీద వెనక కూర్చుని పాడుతున్నట్టు ఉండేది. పెద్దలు కొందరు విసుక్కున్నారు. కాలేజీ పిల్లలకు సరిగ్గా ఆ విరుపే నచ్చింది. ‘ఏ లైలా’లో ఆయన ఏ గొంతుతో పాడాడో సినిమాల్లోనూ అదే గొంతుతో పాడాడు. సినిమా కోసం దాన్ని ఇస్త్రీ చేయించలేదు. ఒక సొంత పాటతో వచ్చినవాడికి ఉండే ధైర్యం అది.

2006లో మళ్లీ వెంకటేష్‌తో ‘లక్ష్మి’, 2007లో ‘యోగి’, 2013లో ‘వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్’. ఆపైన సినిమాల్లో ఆయన పేరు వినపడలేదు. ఉద్యోగ బాధ్యతల్లో ఉండిపోయాడు. పాట కూడు పెడుతుందా అని నేను తమ్ముణ్ణి అడిగాను కదా! ఈయన పాటను కూడు పెట్టమని అడగనే లేదు. కూటికి కొలువు ఉంది, మనసుకు పాట ఉంది. ఒకదాన్ని ఇంకొకటి మింగలేదు.

ఇక్కడ ఒకమాట నిజాయితీగా చెప్పాలి. ఆయనకు చదువు బలం ఉంది, మా తమ్ముడికి లేదు. గిటారు కొనిస్తే వాడు పెద్ద గాయకుడు అయిపోయేవాడని నేను అనను. అప్పు ఇవ్వకపోవడం తప్పు కాకపోవచ్చు. కాని బ్యాంకులో మేం అప్పు నిరాకరించేటప్పుడు కూడా దరఖాస్తు పూర్తిగా చదివి కారణం వ్రాస్తాం. తమ్ముడి దరఖాస్తు నేను చదవనే లేదు. తెలుగువాడు అలా పాడగలడని వాడు చెప్తే నమ్మలేదు. తప్పు అక్కడుంది.

కుంభారి ఇల్లు

తమ్ముడు బ్యాంజో పార్టీ మానేశాడు. మరమగ్గాలు బాగుచేసే జాబర్ పని నేర్చుకుని అక్కల్‌కోట రోడ్డు ఎం.ఐ.డి.సి.లో ఒక టవల్ కార్ఖానాలో కుదురుకున్నాడు. ఏ మగ్గం ఎక్కడ తాళం తప్పిందో దూరం నుంచే చెవితో పట్టేస్తాడని షేట్లు మెచ్చుకుంటారు. విన్నప్పుడల్లా నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది.

2006లో కుంభారిలో బీడీ కార్మికురాళ్లకు కట్టిన 10,000 ఇళ్లను ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ అప్పగించినప్పుడు అవ్వకు కూడా ఇల్లు వచ్చింది. మన పద్మశాలీ బిడ్డ, మాజీ శాసనసభ్యుడు నర్సయ్య ఆడం నాయకత్వంలో కార్మికులు ఏళ్ల తరబడి పోరాడి తెచ్చుకున్న ఇళ్లవి. కొత్తలో కరెంటు లేదు, బస్సు లేదు అని ఏడ్చినవాళ్లే ఇవాళ అక్కడి నుంచి కదలమంటున్నారు. ఆ తర్వాత అదే ప్రాంతంలో రేనగర్ పేరుతో 30,000 ఇళ్ల ప్రణాళిక వచ్చింది. 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ 15,000 ఇళ్లను కార్మికులకు అప్పగించారు. నేను ఊళ్లో ఫ్లాటులో ఉంటున్నాను. అవ్వ, తమ్ముడి సంసారం కుంభారి ఘర్‌కుల్‌లో. ఆదివారం ఆదివారం నేను పోయి వస్తుంటాను.

గోదారి వచ్చింది

2024 డిసెంబరులో ‘గోదారి గట్టు’ పాట విడుదలయింది. సంగీతం భీమ్స్ సిసిరోలియో, రచన భాస్కరభట్ల. వెంకటేష్‌కు రమణ గోగుల 18 ఏళ్ల తర్వాత పాడాడని అందరూ చెప్పుకున్నారు. ఆయనతో గొంతు కలిపింది మధుప్రియ. తెలంగాణ బొగ్గుగనుల ఊరు గోదావరిఖని పిల్ల. చిన్న వయసులోనే ‘ఆడపిల్లనమ్మా’ అనే పాటతో తెలుగువాళ్లందరి కళ్లూ తడిపింది. అదీ సినిమా పాట కాదు సుమా! అంటే ఈ యుగళగీతంలో ఇద్దరూ సినిమా చెయ్యి పట్టుకోకుండా, ఒక్కొక్క సొంత పాటతో జనంలోకి వచ్చినవాళ్లే. ఒకరిది సముద్రపు ఒడ్డున గిటారుతో పెరిగిన గొంతు, ఇంకొకరిది గనుల ఊళ్లో జానపదంతో పెరిగిన గొంతు. భార్యాభర్తల సరసం పాటకు ఆ తేడాయే అందం తెచ్చింది. ఆయన కొంచెం బద్ధకంగా, ఆమె కొంచెం గడుసుగా. నిజం కాపురాల్లాగే!

సంక్రాంతి తర్వాత ఆదివారం నేను కుంభారి పోయేసరికి తమ్ముడి కూతురు ఆ పాటే సాధన చేస్తోంది. తొమ్మిదో తరగతి, మరాఠీ మీడియం. బడి గ్యాదరింగులో పాడుతుందట. చేతిలో నోటుబుక్కు ఉంది. చూద్దునుకదా, తెలుగు పాట మొత్తం దేవనాగరి లిపిలో వ్రాసుకుంది! చక్కటి దస్తూరి. కాని మనసు చివుక్కుమంది.

“పెద్దనాయినా, గట్టు అంటే ఏంది?” అని అడిగింది.

“నది కాఠ్ అమ్మా, ఒడ్డు.”

“ఏ నది?”

నేను జవాబు చెప్పేలోపల మంచం మీదనుంచి అవ్వ అందుకుంది. కొత్త కోడలుగా ధర్మపురిలో గోదావరి స్నానం చేసింది, మునిగి లేచేసరికి కొంగున కట్టుకున్న నాణెం కొట్టుకుపోయింది, అత్త కోప్పడింది. ఈ కథ నేను ఎన్నడూ వినలేదు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

అప్పుడు నేను ఆ పిల్లకు పటం గీసి చూపించాను. గోదావరి పుట్టింది మన మహారాష్ట్రలోనే, నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో. పైఠణ్, నాందేడ్ మీదుగా వచ్చి బాసర దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి, ధర్మపురి, భద్రాచలం, రాజమహేంద్రవరం దాటి 1,465 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. మనవాళ్లు కూటి కోసం అటు నుంచి ఇటు వచ్చారు, నీళ్లు ఇటు నుంచి అటు పోతున్నాయి. నేను నాందేడ్‌లో మూడేళ్లు పనిచేశాను. రోజూ వంతెన మీద స్కూటరు మీద పోతూ కూడా ఇది మా అవ్వ గోదారే అనుకోలేదు!

ఇంకొకటి చెప్పాను. “నువ్వు ఉండే కాలనీ పేరేమిటి?”

“కామ్రేడ్ గోదూతాయి పరుళేకర్ వసాహత్.”

“గోదూతాయి అసలు పేరు గోదావరి. గోదావరి పరుళేకర్. ఠాణే జిల్లాలో వార్లీ ఆదివాసులను వెట్టిచాకిరీ మీద తిరగబడేలా చేసిన తల్లి. నువ్వు పుట్టింది గోదారి గట్టు మీదనే!”

పిల్ల మొహం వెలిగిపోయింది. నాకూ ఆ సంగతి నోటివెంట వచ్చేదాకా తట్టలేదు.

తమ్ముడి దరఖాస్తు

ఇంతలో తమ్ముడు వచ్చాడు. గడపలో నిలబడి విన్నాడు. రెండో చరణం దగ్గర పిల్ల తాళం తప్పింది. వాడు చెప్పులు విడవకుండానే తలుపు చెక్క మీద రెండు వేళ్లతో దరువు వేసి చూపించాడు. “ఉరకకు బిడ్డా. ఆయన ఎన్క నుంచి నింపాదిగ వస్తడు. లైలా పాటల సుత గట్లనే వచ్చిండు.”

ఇన్నేళ్లలో వాడి నోట ఆ పేరు విన్నది అదే మొదలు. లోపలికి పోయి రేకుపెట్టె తెరిచి ఒక కాసెట్టు తెచ్చాడు. ‘ఏ లైలా’. వాయించే యంత్రం లేదు, అట్ట చిరిగిపోయింది, టేపు మాత్రం చుట్టి పదిలంగా ఉంది. పిల్లకు అదేమిటో తెలియదు. తిప్పి తిప్పి చూసింది.

నాకు ఇక దాచుకోవాలనిపించలేదు. “తమ్మీ, నేను ఆ రోజు నిన్ను నమ్మాల్సింది. ఇప్పుడు గిటారు కొనిస్తా” అన్నాను.

వాడు నవ్వాడు. వేళ్లు చూపించాడు. స్పానర్లు పట్టీ పట్టీ కాయలు కాసిన వేళ్లు. “ఇవి ఇప్పుడు తీగెల మాట ఇంటయా అన్నా? నాకు గిటారు వద్దుగని, పోరికి తెలుగు రాసుడు నేర్పు. నాకంటే నువ్వే మంచిగ సదివినవ్. దీనికి పాట తెలుగుల వస్తది, రాసుడు మరాఠీల వస్తది. గది నాకు మంచిగ అనిపిస్తలేదు.”

ఈసారి దరఖాస్తు పూర్తిగా విన్నాను. అక్కడికక్కడే మంజూరు చేశాను.

ప్రవాసంలో ఉన్న మన ఇళ్లన్నిటిలోనూ ఇదే పరిస్థితి అని నా అనుమానం. పిల్లలకు తెలుగు వినడం వస్తుంది, మాట్లాడడం వస్తుంది, పాడడం బ్రహ్మాండంగా వస్తుంది. అక్షరం రాదు. రాలేదని కోప్పడతాం, సెల్‌ఫోను లాక్కుంటాం. నేను చూసింది చెప్తాను. వాళ్ల నోటుబుక్కులు ఒకసారి అడిగి చూడండి. హిందీ లిపిలోనో ఇంగ్లీషు లిపిలోనో వ్రాసుకున్న తెలుగు పాట ఒక్కటైనా కనపడుతుంది. అది వాళ్లు మనకు పెట్టుకున్న దరఖాస్తు. అక్కడి నుంచే మొదలుపెట్టండి.

నేను అ ఆ లతో మొదలుపెట్టలేదు. ‘గో’, ‘దా’, ‘రి’ అనే మూడు అక్షరాలతో మొదలుపెట్టాను. పాట ఎలాగూ నోటికి వచ్చు కనుక ఏ అక్షరం తర్వాత ఏది రావాలో పిల్లకు ముందే తెలుసు. చెయ్యి మాత్రం నోటి వెనక నడవాలి, అంతే. ఆదివారం ఆదివారం అవ్వ మంచం పక్కన మా బడి. తమ్ముడు వాకిట్లో కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటిస్తాడు. పిల్ల తప్పు వ్రాస్తే వాడి కాలు తాళం ఆపేస్తుంది.

ఇప్పటికి ‘గట్టు’లో టవత్తు దాకా వచ్చాం.